ఆనందుని జీర్ణవస్త్రములు

బౌద్ధుల వినయపిటకమునందలి చుల్లవగ్గములో ఒక చిన్న కథ కలదు. బుద్ధభగవానుని పరినిర్వాణానంతరము ఆనందస్థవిరుడు సంఘకార్యమునకై పడవమీద కౌశాంబీనగరమునకు వచ్చి, ఉదయనమహారాజు ఉద్యానవనమునకు చేరువగా ఒక చెట్టునీడను కూర్చుండెను. ఆ సమయమున రాజు అంతఃపురస్త్రీలతో గూడ ఉద్యానమునకు విచ్చేసియుండెను. రాణులు ఆనందుని దర్శించి, ధర్మోపదేశము విని, సంతోషముతో ఐదువందల ఉత్తరీయములను ఆయనకు సమర్పించిరి. ఈ వార్త చెవిని పడగానే రాజునకు కోపము వచ్చెను. భిక్షువునకు ఇన్ని వస్త్రములేల? ఈయన బట్టలవ్యాపారము చేయదలచెనా, అంగడి తెరువనున్నాడా అని ఆక్షేపించుచు, తానే స్వయముగా ఆనందుని యొద్దకు వెళ్లి ప్రశ్నించెను.

ఆ ప్రశ్నోత్తరములను వరుసగా గమనింపవలెను. ఇన్ని వస్త్రములను ఏమి చేయుదురని రాజు అడిగెను. చీవరములు చినిగిన భిక్షువులకు పంచిపెట్టుదుమని ఆనందుడు చెప్పెను. మరి వారి చినిగిన చీవరములేమగును? అవి పడకలపై పరచు దుప్పట్లగును. పాతబడిన దుప్పట్లు పరుపులకు తొడుగులగును. పాత తొడుగులు నేలపై పరచు గుడ్డలగును. అవియును చివికినపుడు కాళ్లు తుడుచుకొను గుడ్డలగును; అటుపై దుమ్ము దులుపు గుడ్డలగును. తుదకు అదియును చేతకానంతగా జీర్ణించినపుడు వానిని దంచి, బురదతో కలిపి మెదిపి, దానితో నేల నలుకుదురు. ఇది విని రాజు, ఈ భిక్షువులు దేనిని వృథా పోనీయరు గదా యని సంతోషించి, మరి ఐదువందల వస్త్రములను తానును ఇచ్చెను. ఆక్షేపింప వచ్చినవాడు దాతయై మరలెను.

ఈ కథను పొదుపునకు దృష్టాంతముగా చెప్పుట కద్దు. అది నిజమే కాని, పొదుపు అనుమాట ఇందలి విషయమునకు చాలదు. రాజు సందేహము న్యాయమైనదే. సన్న్యాసి యింట వస్త్రములు కుప్పపడుట పరిగ్రహమే యగును. ఆనందుని సమాధానములో మొదటి మెట్టు దాచుట కాదు, పంచుట. ఐదువందల వస్త్రములు ఆయన చేతిమీదుగా పోయినవే కాని ఆయన చేతిలో నిలువలేదు. పిమ్మట వస్త్రము మెట్టుమెట్టుకును పేరు మార్చుకొనుచు, పని మార్చుకొనుచు క్రిందికి దిగినది. భుజముమీద నున్నది పాదముల క్రిందికి వచ్చినది. ఐనను దానియెడ శ్రద్ధ తగ్గలేదు. కొత్త చీవరమును మడిచిన చేతులే చివికిన పీలికలను దంచి మట్టితో మెదిపినవి. ఆ ప్రయాణపు ముగింపు మట్టి. అక్కడ మిగులు ఏమియు లేదు.

ఈ ఆనందునకే మరియొక పని ఒప్పగింపబడినట్లు మహావగ్గమునందున్నది. మగధదేశపు వరిమళ్లు గట్లతో చదరములుగా విభజింపబడియుండుట చూపి, బుద్ధుడు ఆ రీతిగా చీవరమును కుట్టింప వీలగునా యని అడుగగా, ఆనందుడు ముక్కలను ఆ పోలికనే చేర్చి కుట్టించెను. ముక్కలు చేసిన బట్టపై దొంగకైనను ఆశ పుట్టదు. అంతకు మునుపు భిక్షువులు చెత్తకుప్పలనుండియు శ్మశానములనుండియు ఏరితెచ్చిన గుడ్డలనే కట్టుకొనెడివారు. దానికి పాంసుకూలమని పేరు. ఇతరులు పారవేసినది ఒక మహాసంఘమునకు గౌరవచిహ్నమైనది.

తెలుగువారి ఇండ్లలో ఈ వరుస పుస్తకము చదివి నేర్చుకొన్నది కాదు, భాషలోనే యున్నది. నూలుచీర మెత్తబడినపుడు పసిబిడ్డకు ఉయ్యాల యగును, పొత్తిగుడ్డ యగును. నాలుగైదు పాతచీరలను పొరలుగా పరచి దగ్గరదగ్గరగా కుట్టు వేసిన బొంత యగును. బొంతకు పనికిరానిది వంటింట మసిగుడ్డ. మసిగుడ్డకు పనికిరానిది అలుకుగుడ్డ. బంగాళమున కంథ, బీహారున సుజని, మహారాష్ట్రమున గోధడి, సింధు కచ్ఛదేశములందు రల్లి యని పిలువబడునవి ఈ బొంతకు తోబుట్టువులే. వీనిలో కొన్నింటిని నేడు కళాఖండములుగా గోడలకు వ్రేలాడదీయుచున్నారు. వానిని కుట్టిన స్త్రీలు కళకొరకు గాక చలికొరకు కుట్టిరి. అందము వారి చేతివాటమువలన వచ్చినది.

వస్త్రమునకే గాదు, అన్నిటికిని ఇట్టి వరుస యుండెడిది. బియ్యము కడిగిన నీరు, మిగిలిన గంజి, కూరగాయల తొక్కలు కుడితితొట్టిలో పడి పశువునకు ఆహారమగును. పేడ, ఊడ్చిన చెత్త, పొయ్యిబూడిద పెంటకుప్పకు చేరి, తొలకరికి ముందు బండ్లకెక్కి పొలమునకు పోవును. చిత్తుకాగితములను మెంతులతో నానబెట్టి రుబ్బి, ఆ గుజ్జును తట్టకు మెత్తి బుట్టలు చేసెడివారు. రంపపుపొట్టును చింతగింజల బంకతో కలిపిన మక్కుతోనే కొండపల్లి బొమ్మలకు కాలుసేతులు అతుకుచున్నారు. పిల్లలు సంవత్సరాంతమున నోటుపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను చించి, దారముతో కుట్టి చిత్తుపుస్తకము చేసికొనుట నడివయస్సు వారందరికిని జ్ఞాపకమే.

ఇచట ఒక అపోహను తొలగించుకొనవలసియున్నది. వస్తువులయెడ నిర్లక్ష్యమే వైరాగ్యమని కొందరి తలంపు. శ్రీ శారదాదేవి కలకత్తాలో నివసించుచుండగా భక్తులొకరు బుట్టతో పండ్లు పంపిరి. పండ్లు తీసిన తరువాత ఖాళీబుట్టను వీధిలో పారవేసిరి. ఆమె దానిని చూచి, బుట్ట చక్కగా నున్నదనియు, సన్న్యాసులకు పట్టకపోయినను తనవంటివారికి అంతపాటి నష్టము కూడ సహింపరానిదనియు, కూరగాయల తొక్కలు వేయుటకైనను పనికివచ్చుననియు చెప్పి, దానిని తెప్పించి కడిగించి లోపల పెట్టించెను. మరియొకప్పుడు ఒకరు ఇల్లు ఊడ్చి చీపురును విసరివేయగా, నెమ్మదిగా పెట్టుటకును అంతే శ్రమ గదా యనియు, చీపురునకును దానికి తగిన మర్యాద చూపవలెననియు మందలించెను. మనుష్యులు తినదగినది పశువునకు, పశువునకు తగినది కుక్కకు పోరాదనియు, ఎవరికిని పనికిరానిది చెరువులోని చేపలకైనను చేరవలెననియు ఆమె నియమము. ఆమె త్యాగమును గూర్చి ఎవరికిని సందేహము లేదు. బుట్టమీద ఆమెకు ఆశయు లేదు. ఆశ లేకుండగనే వస్తువును ఆదరింపవచ్చునని ఆ చిన్నపని తెలుపుచున్నది. నిజమునకు బుట్టను వీధిలోనికి విసరినవారే దానిని తమ సొత్తుగా భావించిరి. తమదనుకొన్నదానినే గదా ఇష్టము వచ్చినట్లు పారవేయుట.

దీనికి ఎదురుగా మరియొక దోషము కలదు. ఎప్పటికైనను పనికివచ్చునని పగిలిన బకెట్లను, ఆగిన గడియారములను, మూతలేని సీసాలను అటకమీద పోగుచేయుట పునరుపయోగము కాదు. అది లోభము. అటకమీది వస్తువు ఎవరికిని ఉపయోగపడుట లేదు. ఆనందుని వరుసలో దానికి మెట్టు లేదు. ఇంతకంటె సూక్ష్మమైన దోషము, పనికిరానిదానిని దానమని పేరుపెట్టి వదలించుకొనుట. కఠోపనిషత్తునందు వాజశ్రవసుడు యజ్ఞదక్షిణగా ఇచ్చిన గోవులు మేత మేయుట మాని, నీరు త్రాగుట మాని, పాలుడిగినవి. వానిని చూచియే బాలుడైన నచికేతసుని హృదయమున శ్రద్ధ ప్రవేశించినది. అట్టి దాత పొందు లోకములు ఆనందశూన్యములని అతడు తలచెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన పిమ్మట తమిళనాడు తీరమున ఆ దృశ్యమే మరల కనబడినది. దేశము నలుమూలలనుండి వచ్చిన పాతబట్టలు కట్టుకొనువారు లేక రోడ్లప్రక్కన కుప్పలై ఎండకు వానకు పడియుండెను. ఇల్లు వాకిలి కోల్పోయినను బెస్తలు తమ మర్యాదను కోల్పోలేదు. చినిగినవానిని, మాసినవానిని, తమ అలవాటు కాని దుస్తులను వారు తాకలేదు.

ఆ బట్టలనుద్ధరించుటకు పూనుకొన్నవారిలో గూంజ్ అను సంస్థ ఒకటి. దానిని 1999లో అంశు గుప్త ఢిల్లీలో స్థాపించెను; 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది. ఈ సంస్థ పట్టణములనుండి వచ్చిన బట్టలను రకములుగా వేరుచేసి, కట్టుకొనదగినవానిని గ్రామములకు పంపును. ఊరివారు బావి త్రవ్వుటయో బాట బాగుచేయుటయో చేసి, తమ శ్రమకు ప్రతిఫలముగా వానిని పొందుదురు. కట్టుకొన వీలుగాని నూలుగుడ్డలు శుద్ధిచేయబడి స్త్రీల ఋతుకాలమునకు ఉపయోగపడు మెత్తలగును. తక్కిన పీలికలు బొంతలగును. పుచ్చుకొనువాని తల వంచని రీతిగా పాతవస్త్రమును చేతులు మార్చుట ఎట్లో ఇందు చూడవచ్చును.

ఐతే, కాలము మారినది. ఆనందుని వరుసలో కడపటి మెట్టు నేడు విరిగినది. పాలియెస్టరు కలిసిన బట్టను ఎంత దంచినను మట్టిలో కలియదు. అంతకు ముందే అది తప్పుకొనును. నీటిని సరిగా పీల్చదు గనుక కాళ్లు తుడుచుటకును, నేల తుడుచుటకును అక్కరకు రాదు. చిరుతిండ్ల పొట్లములు లోహపుపొర ప్లాస్టిక్కుపొర అతికి చేసినవగుటచే వానిని విడదీయుట దుష్కరము, కొనువాడు లేడు. కాగితము కరగించి మరల కాగితము చేయుదురు గాని ప్రతి మారును పీచు పొట్టిదగును. వ్రాతకాగితము అట్టయై, అట్ట గ్రుడ్లపెట్టెయై ముగియును. గాజు, ఇనుము, అల్యూమినియము మాత్రము ఎన్నిమారులు కరగించినను ఇంచుమించుగా తమ గుణమును నిలుపుకొనును. పానిపట్టులో దశాబ్దములుగా పాత ఉన్నిబట్టలను గుండీలు తీసి, రంగులవారీగా వేరుచేసి, యంత్రములతో చీల్చి, మరల నూలు వడకి కంబళ్లు నేయుచున్నారు. రంగులు ముందే వేరుచేయుటచే కొత్తగా అద్దకము అవసరముండదు. అక్కడ మెట్లు దిగిన వస్త్రము మరల ఎక్కినది. ఐనను కొత్త ఉన్నిలోని పొడవుపీచు దానికి రాదు.

ఈ పరివర్తనములన్నియు ఒక చిన్న పనిపై ఆధారపడియున్నవి. అది ఇంటిలోనే జరుగవలెను. 2016 నాటి ఘనవ్యర్థముల నిబంధనలు తడిచెత్తను, పొడిచెత్తను, ఇంటిలోని అపాయకరమైన చెత్తను వేరువేరుగా ఇయ్యవలెనని విధించినవి. పులుసు ఒలికిన కాగితమును చిత్తుకాగితములవాడు కొనడు. కూరతొక్కలలో పడిన సీసాపెంకు ఎరువును చెరచుటే గాక, చెత్తను చేతితో వేరుచేయు మనుష్యుని చేతిని కోయును. ఆ మనుష్యుడు మనకు కనబడడు. తరతరములుగా ఇతరుల మాలిన్యమును ఎత్తువారిని ఊరికి వెలుపల నుంచి, వారిని తాకుట పాపమని చెప్పిన సమాజము మనది. గాజుపెంకును దళసరి కాగితములో చుట్టి వేరుగా ఇచ్చు గృహిణి ఆ పాతఋణములో కొంత తీర్చుచున్నది.

వాడినదానిని మరల వాడుట ఎల్లప్పుడును మంచిదికాదని కూడ తెలిసియుండవలెను. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినను నీటికి, నూనెకు వాడరాదు, దానివలన ప్రాణాపాయము. అచ్చుకాగితములో బజ్జీలు చుట్టుట మన అంగళ్లలో పాతవాడుక. సిరాలోని హానికరపదార్థములు ఆహారమున చేరునని భారత ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ 2016లో హెచ్చరించినది. మరలమరల కాచిన నూనె విషయమును అంతే. అట్టి నూనెను ఎంతవరకు వాడవచ్చునో తెలుపు హద్దు 2018 జూలైనుండి అమలులోనికి వచ్చినది. అది బయోడీజిలునకు పోవలసినదే కాని పోపునకు కాదు.

కడపటి మెట్టు విరిగినందున వివేకము మొదటి మెట్టునకు జరుగవలసివచ్చినది. పూర్వులు చీర చినిగిన తరువాత ఆలోచించినను సరిపోయెడిది. నేడు కొనునపుడే ఆలోచింపవలెను. అంగడిలో నూలుచీరయు మిశ్రమపుచీరయు ప్రక్కప్రక్కన నున్నపుడు ధర, రంగు, ఇస్త్రీ బాధ చూచుట సహజము. ఇది పదియేండ్ల తరువాత ఏమగునని కూడ చూచుట కొత్త అలవాటు. అందరును అన్నివేళల నూలే కొనలేరు. కూలికి పోవు స్త్రీకి త్వరగా ఆరునది, ఎక్కువకాలము మన్నునది కావలెను. ఆమెను తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు.

ఆ మిశ్రమపుచీరకును ఒక మెట్టు దొరకకపోలేదు. అది నీటిని పీల్చదు కాని బరువు మోయును, తడిసినను చివుకదు. నూటయిరువది మైక్రానులకు లోపలి ప్లాస్టిక్కు సంచులు 2022 డిసెంబరు 31నుండి నిషేధింపబడినవి. ఆరుగజముల చీరను రెండుపొరలుగా మడిచి, అంచును పిడికి వాడుకొని కుట్టినచో కూరగాయల సంచులు ఆరేడు వచ్చును. ఇంటికి రెండు ఉంచుకొని తక్కినవి ఇరుగుపొరుగులకు పంచవచ్చును. సందుచివర కుట్టుమిషను పెట్టుకొన్నవాడు ఈ పనిని కొద్ది కూలికి చేసిపెట్టును.