వాడంతా నల్లరంగు పూసిన డొరతీ

అమ్మాయిలూ, ఈసారి మీకు దాదాపు ఆరడుగుల పొడుగున్న ఒక అమెరికావిడని పరిచయం చెయ్యాలి. పేరు డొరతీ డ్రేపర్. ఇళ్లనీ హోటళ్లనీ అలంకరించిపెట్టడం ఆవిడ వృత్తి. 1889లో న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్‌లో బాగా కలిగినవాళ్ల ఇంట్లో పుట్టింది. ఏ కాలేజీలోనూ డిజైనింగ్ నేర్చుకోలేదు. పెళ్లయ్యాక సొంత ఇంటిని తనకి నచ్చినట్టు తీర్చిదిద్దుకుంటే, చూసినవాళ్లు ‘మాకూ చేసిపెట్టవూ’ అని వెంటపడ్డారు. 1925కల్లా సొంత కంపెనీ పెట్టేసింది.

భర్త జార్జ్ డ్రేపర్ పేరున్న డాక్టరు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్‌కి పోలియో వచ్చినప్పుడు వైద్యం చేసినవాళ్లలో ఈయన ఒకరు. ముగ్గురు పిల్లలు పుట్టాక, 1930 ప్రాంతంలో ఆ కాపురం విడిపోయింది. బయట చూస్తే ఆర్థిక మాంద్యం. అలాంటప్పుడు మనమైతే ఏం చేస్తాం? ఖర్చులు తగ్గించుకుని, గుట్టుగా ఓ మూల కూర్చుంటాం. ఈవిడ అలా కూర్చోలేదు. ఆ రోజుల్లోనే న్యూయార్క్ సటన్ ప్లేస్‌లో ఒక వరస పాత అద్దె ఇళ్లకి మెరుగులు దిద్దే పని ఆవిడ చేతికి వచ్చింది. ఎవరూ పట్టించుకోని ఆ ఇళ్లకి ఏం రంగు వేయించిందనుకున్నారు? నలుపు! మన దగ్గర ఇంటికి నల్లరంగు అంటే అత్తగారు అన్నం మానేస్తుంది. నల్లగోడలకి తెల్ల అంచులు పెట్టి, తలుపులకి మాత్రం ఒకదాన్ని మించి ఒకటి గాఢమైన రంగులు వేయించింది. దాంతో ఆ వాడ దశే తిరిగిపోయింది. గోడలు పడగొట్టలేదు, కొత్తవి కట్టలేదు. అంతా రంగు మహిమే.

ఆవిడ పేరు చెప్పగానే అందరూ తలచుకునేది వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్‌బ్రయర్ హోటల్. రెండో ప్రపంచయుద్ధంలో దాన్ని సైనికులకి ఆసుపత్రి చేశారు. యుద్ధం అయ్యాక దాని పాత యజమాని అయిన రైల్వే కంపెనీ మళ్లీ కొనుక్కుని, 1946లో డొరతీ చేతిలో పెట్టింది. ఆసుపత్రి ఛాయలు పోవాలి కదా మరి! నేల మీద చదరంగం బల్లలా నలుపూ తెలుపూ గళ్లు, గోడలకి జానెడేసి వెడల్పు చారలు. ఆ రాష్ట్ర పుష్పం రోడోడెండ్రాన్. ఆ పూలని ఇంతింత పెద్దవిగా అచ్చేయించిన గుడ్డతో కర్టెన్లు, కుర్చీలకి గలేబులు. తలుపుల మీదా అద్దాల చుట్టూ తెల్లటి ప్లాస్టర్ లతలు. గులాబీ పక్కన చిలకపచ్చ, దాని పక్కన వంకాయరంగు. పనివాళ్ల దుస్తుల దగ్గర్నుంచి అగ్గిపెట్టెల దాకా ఆవిడ చెప్పినట్టే ఉండాలి. 1948లో మళ్లీ తెరిచినప్పుడు జరిగిన విందుకి ఒకప్పటి బ్రిటన్ రాజు విండ్సర్ డ్యూక్ కూడా వచ్చాడు. (తర్వాత్తర్వాత ఆ హోటల్ కింద, అణుయుద్ధం వస్తే అమెరికా పార్లమెంటు సభ్యులు దాక్కోవడానికి ప్రభుత్వం రహస్యంగా ఓ బంకర్ కట్టించింది. 1992లో పత్రికలో వచ్చేదాకా బయటి ప్రపంచానికి తెలియదు. పైన పూలకర్టెన్లు, కింద కాంక్రీటు!)

నిజం చెప్పనా? అన్ని రంగులు ఒక్కచోట ఉంటే నాకు తల తిరుగుతుంది. నాలుగు రోజులు సెలవుకి వెళ్లడానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, జ్వరమొచ్చి పడుకున్నప్పుడు ఆ చారల గోడ వంక చూడగలమా? ఆవిడ హోటళ్లలో అంతగా రాణించడానికి ఇదే కారణమేమో. వచ్చినవాళ్లు నోరు తెరవాలి, ఇంటికెళ్లి పదిమందికి చెప్పాలి. ఆ కిటుకు ఆవిడకి బాగా తెలుసు.

‘పుట్టుకతోనే డబ్బూ, పెద్దవాళ్ల పరిచయాలూ ఉంటే ఎవరైనా చేస్తారులే’ అంటారేమో. కొంత నిజమే, కాదనను. కానీ ఆవిడ శ్రీమంతుల దగ్గరే ఆగిపోలేదు. 1939లో మామూలు ఇల్లాళ్ల కోసం పుస్తకం రాసింది. ‘గుడ్ హౌస్‌కీపింగ్’ పత్రికలో పనిచేసింది, తర్వాత దినపత్రికల్లో శీర్షిక నడిపింది. ఇంటిని అందంగా పెట్టుకోవడానికి నిపుణుల అనుమతి అక్కర్లేదు, ఒక రంగు డబ్బా, నాలుగు గజాల పూలగుడ్డ, కాస్త గుండె ధైర్యం చాలన్నది ఆవిడ పాఠం. నాకు ఆవిడ హోటళ్లకంటే ఈ పనే ఎక్కువ నచ్చింది.

చేసినవన్నీ నిలిచాయా అంటే, లేదు. బ్రెజిల్‌లో 1944లో తెరిచిన క్విటాన్‌డిన్యా కాసినో హోటల్‌కి ఆవిడే రంగులద్దింది. రెండేళ్లకే ఆ దేశం జూదాన్ని నిషేధించడంతో కాసినో మూతపడింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1954లో ఆవిడ తీర్చిన రెస్టారెంటులో పక్షి పంజరాల్లాంటి పెద్ద పెద్ద షాండిలియర్లు వేలాడేవి. జనం దాన్ని ముద్దుగా ‘డొరతియం’ అనేవారు. ఇప్పుడక్కడ రోమన్ శిల్పాలున్నాయి.

డొరతీ 1969లో పోయింది. కంపెనీని అంతకుముందే శిష్యుడు కార్ల్‌టన్ వార్నీ కొనుక్కున్నాడు. 2022లో పోయేదాకా గ్రీన్‌బ్రయర్‌ని అలంకరణలో కాపాడుకున్నదీ ఆయనే. లేత గోధుమరంగు గోడలంటే ఆయనకీ ఒళ్లుమంట. అందుకే ‘మిస్టర్ కలర్’ అని పేరు పడిపోయింది.