నీరు పల్లమెరుగు: ఇన్యో కౌంటీ కొండలు, లోయలు

పిల్లలూ! ఈ పాఠంలో కాలిఫోర్నియాలోని ఒక కొండల కౌంటీ గురించి తెలుగులో చదువుదాం. దాని పేరు ఇన్యో. మీలో లాస్ ఏంజెలెస్‌లో ఉండే పిల్లలకి ఈ కౌంటీతో రోజూ పని ఉంటుంది. అదేంటో నాలుగో భాగంలో తెలుస్తుంది.

ముందుగా కొత్త మాటలు

బిగ్గరగా రెండుసార్లు చదవండి.

శిఖరం: కొండ కొన.
లోయ: కొండల వరుసల మధ్య ఉండే పల్లపు నేల.
మిట్ట: ఎత్తుగా ఉన్న చోటు.
పల్లం: దిగువగా ఉన్న చోటు.
సముద్రమట్టం: సముద్రపు నీళ్ల ఎత్తు. కొండల ఎత్తును ఇక్కడి నుంచే కొలుస్తారు.
వర్షచ్ఛాయ: కొండ అడ్డం రావడం వల్ల వాన తక్కువగా పడే చోటు. ఛాయ అంటే నీడ.

1. ఇన్యో ఎక్కడుంది?

కాలిఫోర్నియా మ్యాపు తీసి తూర్పు అంచు చూడండి. నెవాడా రాష్ట్రాన్ని ఆనుకుని ఇన్యో కనిపిస్తుంది. దీని విస్తీర్ణం సుమారు 10,200 చదరపు మైళ్లు. కాలిఫోర్నియాలో ఇంతకంటే పెద్ద కౌంటీ శాన్ బెర్నార్డినో ఒక్కటే. కానీ 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడున్నది సుమారు 19 వేల మందే. అంటే చదరపు మైలుకి ఇద్దరు కూడా లేరు! కౌంటీ ఆఫీసులు ఇండిపెండెన్స్ అనే చిన్న ఊళ్లో ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద ఊరు బిషప్.

2. ఎంత మిట్ట, ఎంత పల్లం?

పడమటి వైపు సియెర్రా నెవాడా పర్వతాలు గోడలా నిలబడి ఉంటాయి. కౌంటీ సరిహద్దు మీదే మౌంట్ విట్నీ ఉంది. ఎత్తు 14,505 అడుగులు. అలాస్కాను పక్కన పెడితే అమెరికా మొత్తంలో ఇంత ఎత్తైన శిఖరం ఇంకొకటి లేదు.

ఆ గోడకి తూర్పున ఓవెన్స్ లోయ. లోయకి అవతలి వైపు వైట్ పర్వతాలు, ఇన్యో పర్వతాలు. వైట్ పర్వతాల మీద బ్రిస్టిల్‌కోన్ పైన్ అనే చెట్లు పెరుగుతాయి. వాటిలో మెతూసెలా అనే చెట్టు వయసు 4,800 ఏళ్లు దాటింది.

ఇంకా తూర్పుకి వెళితే డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ. అక్కడ బ్యాడ్‌వాటర్ అనే చోటు సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంది. ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పల్లం అదే. అక్కడి నుంచి మౌంట్ విట్నీకి సూటిగా కొలిస్తే సుమారు 85 మైళ్లే!

3. వాన ఎందుకు పడదు?

మేఘాలు పడమట పసిఫిక్ మహాసముద్రం వైపు నుంచి వస్తాయి. సియెర్రా కొండలు అడ్డం వస్తే గాలి పైకెక్కాలి. పైకి వెళ్లేకొద్దీ చల్లబడుతుంది. అందులోని తేమ వానగా, మంచుగా మారి పడమటి వాలు మీద, శిఖరాల మీద కురిసేస్తుంది. కొండ దాటి కిందికి దిగే గాలి పొడిగా ఉంటుంది. అందుకే ఇన్యో లోయలు వర్షచ్ఛాయలో ఉన్నాయి. డెత్ వ్యాలీలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు రెండు అంగుళాలు.

ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురానిదీ ఇదే కథ. అక్కడ అడ్డం నిలబడేవి పడమటి కనుమలు. మీ ఇంట్లో ఎవరైనా అటువైపు వాళ్లుంటే వానల గురించి అడగండి, చాలా చెప్తారు.

4. నీళ్లు ఎటు వెళ్లాయి?

వాన పడకపోయినా ఓవెన్స్ లోయకి నీళ్లుండేవి. శిఖరాల మీది మంచు కరిగి ఏర్లుగా దిగి ఓవెన్స్ నదిలో కలిసేది. నది వెళ్లి ఓవెన్స్ సరస్సులో చేరేది. ఆ సరస్సు వంద చదరపు మైళ్లకు పైగా ఉండేది. ఇక్కడి మూలవాసులైన పయ్యూట్ ప్రజలు కాలువలు తవ్వి నేలకు నీళ్లు పెట్టుకునేవారు. వాళ్ల భాషలో ఈ చోటి పేరుకి ‘నీళ్లు పారే నేల’ అని అర్థం.

అప్పుడు లాస్ ఏంజెలెస్ వేగంగా పెరుగుతోంది. అక్కడ నీళ్లు చాలవు. 1905 నుంచి ఆ నగరం ఓవెన్స్ లోయలో భూములు, నీటి హక్కులు కొనసాగింది. విలియం ముల్‌హాలండ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 233 మైళ్ల కాలువ కట్టి 1913లో నీళ్లు వదిలారు. దానికి పంపులు అక్కర్లేదు. లోయ మిట్టన ఉంది, నగరం పల్లాన ఉంది. మన సామెత చెప్పినట్టే, నీరు పల్లమెరుగు!

నగరం పచ్చబడింది. 1926 నాటికి ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది. ఆ మధ్యలోనే, 1924లో, కోపమొచ్చిన రైతులు కాలువ గేట్లు పట్టుకుని నాలుగు రోజులు నీళ్లు తిరిగి లోయలోకి వదిలారు. ఎండిన సరస్సు అడుగు నుంచి ఉప్పు దుమ్ము లేచి ఊళ్ల మీద పడేది. ఇప్పుడు ఆ దుమ్ము అణచడానికి అదే నగరం సరస్సులో కొంత భాగాన్ని తడుపుతోంది. ఎండిన నది దిగువ భాగంలోకి 2006లో మళ్లీ నీళ్లు వదిలారు.

లాస్ ఏంజెలెస్ పిల్లలూ, మీ కుళాయిలో వచ్చే నీళ్లలో కొంత ఇప్పటికీ ఇన్యో కొండల మంచే. నీళ్లకి పల్లం ఒక్కటే తెలుసు. ఎవరి దాహం తీర్చాలో, ఎవరి పొలం ఎండాలో తేల్చింది మాత్రం మనుషులు.

అభ్యాసం

1. ఖాళీలు పూరించండి: మౌంట్ విట్నీ ఒక ______. బ్యాడ్‌వాటర్ ______ కంటే దిగువన ఉంది.

2. ఓవెన్స్ లోయలో వాన ఎందుకు తక్కువ? మూడు వాక్యాల్లో మీ సొంత మాటల్లో రాయండి.

3. మైదాపిండి ముద్దతో పళ్లెంలో రెండు కొండలు, మధ్యలో లోయ చేయండి. ఒక కొండ మీద చెంచాతో నీళ్లు పోయండి. ఎటు పారాయో తెలుగులో చెప్పండి.

4. ఇద్దరిద్దరుగా మాట్లాడండి. ఒకరు లోయలోని రైతు, ఇంకొకరు నగరంలో ఉండే అమ్మ. నీళ్లు తమకే ఎందుకు కావాలో చెరో నాలుగు మాటలు చెప్పాలి.

5. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేయండి. వాళ్ల ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి? చెరువా, బావా, కాలువా, బోరా? ‘నీరు పల్లమెరుగు’ సామెతకి రెండో సగం కూడా ఉంది. అదేంటో అడిగి రాసుకురండి.