ఐదొందల నోటు సంగతి

చిరంజీవి బుజ్జికి,



నువ్వు ఫోన్లో చెప్పిందంతా అత్తయ్య కూడా విన్నది. వటవర్లపల్లి దాటాక బెల్టు తెగి ఇంజను వేడెక్కడం, ఎవరో జీపతను ఆగి తాడు కట్టి లాక్కురావడం, మెకానిక్ కోసం కూర్చున్నచోట ముసలమ్మ అన్నం పెట్టడం, నువ్విచ్చిన ఐదొందల నోటును ఆమె మళ్లీ నీ జేబులోనే కుక్కడం. కారు బాగైంది గానీ ఆ నోటే గుచ్చుకుంటోందన్నావు. ఫోన్లో నాకు చప్పున మాట తోచదు, అందుకని రాస్తున్నా.

ఆ శ్రీశైలం అడవి దారిలో నేను చాలా ఏళ్లు ఆర్టీసీ బస్సు తోలాను. బస్సు ఫెయిలైతే ప్యాసింజర్లను వెనకొచ్చే బండి ఎక్కించేస్తాం. డ్రైవరూ కండక్టరూ మాత్రం డిపో నుంచి మనుషులొచ్చేదాకా బండికి కాపలా. అలా ఒక రాత్రి మాకు తిండి తెచ్చిన పెద్దాయన మొహం గుర్తులేదు, చేతులు గుర్తున్నాయి. మోదుగాకులో రెండు జొన్నరొట్టెలు, వాటి మీద మిరపకాయ తొక్కు. ఆకు ఒకపక్క చిరిగితే తొక్కు జారకుండా బొటనవేలు అడ్డంపెట్టి తెచ్చాడు. మా కండక్టరు జేబులో చెయ్యి పెట్టబోతే, "బువ్వ అమ్ముకుంటమా బిడ్డా" అన్నాడు, మా మీద జాలిపడ్డట్టే.

పని చేసినవాడు వేరు, పెట్టినవాళ్లు వేరు. బెల్టు వేసిన మెకానిక్ అడిగినంత ఇవ్వు. ఆ అడవిలో పార్టు దొరకడమే గొప్ప, అక్కడ బేరాలేంటి? జీపతన్ని డీజిల్ ఖర్చయినా తీసుకోమను, వద్దంటే రెండోసారి బలవంతపెట్టకు. అన్నం పెట్టినమ్మ ముందు మాత్రం నోటు తీయొద్దు. ఆమె నిన్ను చుట్టంలా కూర్చోబెడితే నువ్వు బిల్లు కట్టబోయావు. మారు అడిగి వడ్డించుకుని, కాసేపు ఆమె పిల్లల సంగతులు విని వస్తే సరిపోయేది. టీకి, ఆటోకి స్కాన్ కొట్టి అక్కడికక్కడే లెక్క తేల్చేసే అలవాటు మీది. ఇది తేలదు. గుచ్చుకుంటే గుచ్చుకోనీ, ఏమీ కాదు. ఈసారి వెళ్లినప్పుడు పలకరించిరా. అక్కడ చెంచులు తీసిన తేనె దొరుకుతుంది. వాళ్లు అమ్మితే చెప్పిన ధరకే కొను.

ఇక దారిలో ఎవరి బండైనా ఆగిపోయి కనిపిస్తే, హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసుకుంటార్లే అని దాటిపోకు. ఆ అడవిలో సిగ్నల్ ఎక్కడిది? పైగా రాత్రి తొమ్మిదికి మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు వేస్తే మళ్లీ పొద్దున ఆరింటికే తీస్తారు, గేటు వేసేలోగా వాళ్లు బయటపడాలి. నీ కారు వాళ్ల బండికి ముందు, రోడ్డు దించి ఆపు. లోపల ఆడవాళ్లుంటే సర్రున అద్దం దగ్గరికి పోకు. లైటు నీ మొహాన పడేచోట నిలబడి దూరం నుంచే అడుగు. వాళ్లు అద్దం దించకపోతే తప్పు పట్టకు. ఇంజను పొగలు కక్కుతుంటే రేడియేటర్ మూత ఎవర్నీ ముట్టుకోనివ్వకు, ఆవిరి మొహాన కొడుతుంది. డిక్కీలో ఒక గట్టి తాడు, నీళ్ల క్యాను, టార్చి ఎప్పుడూ ఉండాలి. ఆ జీపతని దగ్గర తాడు ఉండబట్టే కదా నువ్వు బయటపడ్డావు!

దెబ్బలు తగిలినవాళ్లను ఆస్పత్రికి చేర్చాల్సివస్తే పోలీసు గొడవని జంకేవాళ్లు ఇంకా ఉన్నారు. చదువుకున్నవాళ్లే ఎక్కువ జంకుతారు, అదేమిటో! సాయపడినవాణ్ణి పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని సుప్రీంకోర్టు 2016లోనే మార్గదర్శకాలకు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ కూడా చేర్చారు. మంచికి పోయి కేసులో ఇరుక్కుంటాననే భయం నీకొద్దు.

అన్నట్టు, ఫోన్లో అడగడం మరిచాను. కారు వెనక రోడ్డు మీద రాళ్లు, చెట్టుకొమ్మలు పెట్టామన్నావు. బయల్దేరే ముందు తీశారా? లారీలవాళ్లు కూడా చాలామంది వదిలేసి పోతారు. చీకట్లో బైకుల మీద వచ్చేవాళ్లు వాటికి కొట్టుకుని పడతారు. తీయకపోయుంటే ఈ ఉత్తరం మడిచేలోగా జీపతనికి ఫోన్ చెయ్. నంబరు తీసుకున్నావుగా.

ఇట్లు,
మీ మామయ్య