బూట్లు కరవక ముందే



స్పోర్ట్స్ డే ప్రాక్టీస్ మొదలైందంటే ఫస్ట్ ఎయిడ్ బాక్సులో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది బ్యాండ్ ఎయిడ్ల డబ్బానే. పడి దెబ్బ తగిలించుకున్నవాళ్ల కంటే బూట్లు కరిచినవాళ్లే ఎక్కువ. మడమ వెనకాల, బొటనవేలి పక్కన, చిటికెన వేలి మీద ఒక నీటి బొబ్బ. చూడటానికి చిన్నదే. కానీ నెల రోజులు గ్రౌండులో చెమటోడ్చిన పిల్లవాడు సరిగ్గా పోటీ రోజున కుంటుతూ పక్కన కూర్చుంటే, వాడికది చిన్న విషయం కాదు. వీటిలో చాలా బొబ్బలు ఇంట్లో తీసుకునే కొద్దిపాటి జాగ్రత్తతో రాకుండా ఆపగలిగినవే. అందుకే ఈ నెల పాఠం పిల్లలకూ మీకూ కలిపి.

చేతి మీద చిన్న ప్రయోగం

ముందు బొబ్బ ఎలా వస్తుందో చూద్దాం. మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని ఇలా చేయించండి. ఎడమ అరచేతిని బల్ల మీద బోర్లించి, దాని మీద కుడి చూపుడు వేలిని గట్టిగా ఆనించాలి. వేలు జారకుండా ముందుకూ వెనక్కూ కదపాలి. వేలితోపాటు చర్మం కూడా కదులుతుంది. కింద ఉన్న ఎముక మాత్రం కదలదు. మధ్యలో ఉన్న చర్మం పొరలు అటూ ఇటూ సాగుతుంటాయి.

బూటులో జరిగేదీ ఇదే, కాకపోతే తిరగేసి. చెమటకు సాక్స్ చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ లోపల ఎముక కదులుతుంది. ఇలా వందల, వేల అడుగులు పడేసరికి చర్మం పొరలు లోపల ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. ఆ ఖాళీలో నీరు చేరుతుంది. అదే బొబ్బ.

అంటే బొబ్బకు కావలసినవి మూడు: బూటులో పాదం కదలడం, తడి, ఎక్కువ అడుగులు. పరుగు, నడక మానలేం కాబట్టి అడుగులు తగ్గించలేం. మొదటి రెండూ మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

ఒక సైజు పెద్దది కొంటే?

పిల్లల కాళ్లు పెరుగుతాయి, బూట్ల ధరలూ పెరుగుతున్నాయి. అందుకే జూన్‌లో ఒక సైజు పెద్దవి కొంటే ఏడాదంతా వస్తాయని అనుకోవడం సహజమే. కానీ వదులు బూటులో మడమ అడుగడుగునా పైకి లేస్తుంది, ముందు వేళ్లు గుద్దుకుంటాయి. బిగుతు బూటు ఎంత కరుస్తుందో వదులు బూటూ అంతే కరుస్తుంది. ఖరీదైన బ్రాండ్ అక్కర్లేదు, పాదానికి సరిపోతే చాలు.

కొనేటప్పుడు ఇవి చూడండి:

• సాయంత్రం పూట వెళ్లండి. పగలంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి.
• గ్రౌండులో వేసుకునే సాక్స్‌తోనే తొడిగి చూడండి.
• నిలబడినప్పుడు అన్నిటికంటే పొడవైన వేలికీ బూటు కొసకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండు పాదాలూ ఒకే కొలత ఉండకపోవచ్చు, పెద్ద పాదానికి సరిపోయేవి తీసుకోండి.
• దుకాణంలోనే నాలుగడుగులు నడిపించండి. మడమ జారకూడదు.

కొత్త బూట్లు పోటీకి ముందురోజు కొనకండి. కనీసం రెండు వారాల ముందు కొని, మొదట ఇంట్లో అరగంట, తర్వాత గంట, ఆ తర్వాత గ్రౌండులో ఇలా మెల్లగా అలవాటు చేయండి. లేసులు ప్రతిసారీ విప్పి, మడమను వెనక్కి ఆనించి, మళ్లీ బిగించి కట్టుకోవడం నేర్పండి. కట్టిన లేసుల్లోనే కాలు దూర్చేస్తే పాదం లోపల ఆడుతూనే ఉంటుంది.

కాటన్ సాక్స్ సంగతి

మన ఎండలకు కాటన్ మంచిదని మనందరి నమ్మకం. చొక్కాకైతే నిజమే. సాక్స్ విషయంలో మాత్రం కాటన్ చెమటను పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. తడి సాక్స్ చర్మాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఎక్కువ దూరం పరుగెత్తేటప్పుడు, కొండ ఎక్కేటప్పుడు పాలిస్టర్, నైలాన్ కలిసిన స్పోర్ట్స్ సాక్స్ మేలు. అవి చెమటను బయటి వైపుకు పంపి త్వరగా ఆరతాయి. లోపల ఒక పల్చటి జత, పైన మరొకటి వేసుకుంటే రాపిడి రెండు సాక్స్‌ల మధ్య జరుగుతుంది, చర్మం తప్పించుకుంటుంది. అయితే రెండు జతలు వేసినా బూటు బిగుతు కాకూడదు.

యూనిఫామ్ రోజుల్లో వేరే సాక్స్ కుదరకపోతే బ్యాగులో ఒక పొడి జత పెట్టండి. గేమ్స్ పీరియడ్ తర్వాత మార్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. వానకు తడిసిన బూట్లలో పాత న్యూస్ పేపర్ ఉండలు కుక్కి ఫ్యాను కింద ఆరబెట్టండి.

ఎప్పుడూ ఒకేచోట బొబ్బ వచ్చే పిల్లలకు పరుగుకు ముందే అక్కడ మందుల షాపులో దొరికే పేపర్ టేప్‌ను ముడత లేకుండా అంటించండి. 250 కిలోమీటర్ల పోటీలో పాల్గొన్న 128 మంది రన్నర్లపై అమెరికా వైద్యులు చేసిన పరిశోధన 2016లో ప్రచురితమైంది. టేప్ వేసిన చోట్ల బొబ్బలు దాదాపు 40 శాతం తగ్గాయి. వాజలిన్ కూడా పనిచేస్తుంది, కానీ కాసేపే. దూరం ఎక్కువైతే మళ్లీ రాసుకోవాలి.

బొబ్బ చెప్పే వస్తుంది

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. బొబ్బ లేచే ముందు అక్కడ వెచ్చగా, మంటగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తుంది. చర్మం ఎర్రబడుతుంది. ఆ క్షణంలో ఆగి, బూటు విప్పి, ఇసుక ఉంటే దులిపి, పాదం తుడిచి, టేప్ వేసుకుంటే చాలావరకు బొబ్బ రాదు.

కానీ పిల్లలు ఆగరు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని భయం, స్నేహితులు నవ్వుతారని సిగ్గు. "ఆ మాత్రం దానికే ఏడుస్తారా?" అని మనం ఎప్పుడో అన్న మాట వాళ్లకు గుర్తుండిపోతుంది. నొప్పి దాచుకుని కుంటుతూ పరుగెత్తితే నడక తీరు మారిపోయి మోకాలు, చీలమండ కూడా నొప్పి పుట్టవచ్చు. ఓర్చుకోవడం మంచి గుణమే. ఎప్పుడు ఆగాలో తెలియడం కూడా అంతే మంచి గుణం. మంటగా అనిపిస్తే ఆగి చెప్పమని, చెప్పినందుకు ఎవరూ కోప్పడరని ఇంట్లో ఒక్కసారి గట్టిగా చెప్పండి. క్లాసులో మేమూ చెబుతాం.

తిరుమల మెట్లు ఎక్కే ముందు

సెలవుల్లో అలిపిరి మార్గంలో నడిచి వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా. రోజంతా బూట్లలో ఉండే పిల్లల అరికాళ్లు మెత్తగా ఉంటాయి. రెండు మూడు వారాల ముందు నుంచి ఉదయం పూట మేడ మీదో పార్కులోనో కాసేపు ఒట్టి కాళ్లతో నడిపించండి. రాయి కాలకముందే, తెల్లవారుజామున బయలుదేరండి. దారిలో కూర్చున్నప్పుడల్లా వాళ్ల అరికాళ్లు ఒకసారి చూడండి.

వచ్చేస్తే ఏం చేయాలి?

చిన్న బొబ్బను చిదమకండి. పైనున్న చర్మమే దానికి మంచి కట్టు. సబ్బు నీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, బ్యాండ్ ఎయిడ్ వేయండి. పగిలితే చర్మాన్ని పీకకుండా కడిగి, కొద్దిగా వాజలిన్ రాసి, అంటుకోని డ్రెస్సింగ్ వేసి రోజూ మార్చండి. టూత్‌పేస్టు, సున్నం, కాఫీ పొడి పెట్టవద్దు. పెద్దదై నడవనీయకపోతే ఇంట్లో పిన్నీసుతో పొడవకుండా డాక్టరుకు చూపించండి.

చుట్టూ ఎరుపు పాకుతున్నా, వేడిగా వాచినా, చీము పట్టినా, ఎర్రటి చార పైకి వెళ్తున్నా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. షుగర్ ఉన్న పిల్లలకు, ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలకు ఎంత చిన్న బొబ్బ అయినా డాక్టరుకు చూపించాలి.

ఇంత చెప్పాలా అనిపించవచ్చు. 1924 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ చిన్న కొడుకు సాక్స్ లేకుండా బూట్లు వేసుకుని వైట్ హౌస్‌లో టెన్నిస్ ఆడాడు. కాలివేలి మీద బొబ్బ లేచింది. అందులో చేరిన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి జూలై 7న ఆ అబ్బాయి చనిపోయాడు. వయసు 16 ఏళ్లు. పెన్సిలిన్‌ను కనుగొన్నది ఆ తర్వాత నాలుగేళ్లకు, 1928లో. ఈ రోజు మందులున్నాయి కాబట్టి భయపడాల్సిన పని లేదు. కానీ చూడకుండా వదిలేస్తే మందు ఉండి ఏం లాభం?

ఈ ఆదివారం పిల్లలతో కలిసి

1. తెల్ల కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయండి. బూటు లోపలి అట్ట బయటకు వచ్చేదైతే తీసి ఆ గీత మీద పెట్టండి. గీత అట్ట దాటుతోందా? అయితే బూటు మార్చే సమయం వచ్చింది.
2. సాక్స్ తిరగేసి లోపలి కుట్లు, చిరుగులు చూడమనండి.
3. కాగితం మీద తేదీ వేసి దాచండి. మూడు నెలల తర్వాత మళ్లీ గీయండి. కాలు ఎంత పెరిగిందో పిల్లలే స్కేలుతో కొలిచి చెబుతారు.

స్పోర్ట్స్ డే రోజు మీ పిల్లలకు మెడల్ వస్తుందో రాదో ఎవరం చెప్పలేం. కానీ పోటీ చివరి గీత దాకా వాళ్లు కుంటకుండా పరుగెత్తాలి. ఆ పని ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు.