అన్నయ్య ఇస్తానన్న ఎకరం

ప్రశ్న: నా పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఎకరం ఇస్తానని అన్నయ్య పెద్దమనుషుల ముందు చెప్పాడు. నాన్న పోయాక, ‘సంతకం పెట్టు, నీ ఎకరం నీకు రాసిస్తా’ అని ఏవో కాగితాల మీద సంతకాలు తీసుకున్నాడు. ఇప్పుడు అడిగితే ‘నువ్వు నాకేమిచ్చావని?’ అంటున్నాడు. ఆ మాట చెల్లదా?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, చట్టం అడిగేదీ ఆ ప్రశ్నే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒకరు ఇస్తాననడం, ఇంకొకరు సరేననడం చాలవు. ఆ మాటకు బదులుగా ఏదో ఒకటి ముట్టాలి. అదే ప్రతిఫలం. అయినవాళ్లకు ప్రేమ కొద్దీ ఇస్తానన్న మాటకు 25వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది, కానీ అది రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి. పెళ్లి పందిట్లో అన్న మాటకు ఆ రెండూ లేవు.

సంతకం నాటి మాట సంగతి వేరు. ప్రతిఫలమంటే డబ్బే కానక్కర్లేదు. ఎకరం ఇస్తానన్నాడనే మీ వాటా వదులుకుని ఉంటే, మీరిచ్చింది అదే. ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారో గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పొలానికి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించండి. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరై ఉందేమో అందులో తెలుస్తుంది. లేకపోతే, తెల్లకాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన మీ వాటా పోదు. ఎకరం మాట మీద దావా వేయడానికి, ఇవ్వనని ఆయన తేల్చి చెప్పిన రోజు నుంచి మామూలుగా మూడేళ్లే గడువు. ఆలస్యం చేయకండి.

ఇలాంటి ఉత్తరం చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. మీరు ఎకరం ఎందుకు అడుగుతున్నారు? తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది. 2020లో సుప్రీంకోర్టు ఆ విషయం ఇంకా స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే పంపకాలు రిజిస్టరై గానీ, కోర్టు డిక్రీతో గానీ జరిగి ఉంటే తప్ప మామూలుగా ఆ హక్కు పోదు. నాన్నగారి స్వార్జితమే అయినా, వీలునామా రాయకుండా పోతే మీరూ వారసురాలే. ఈ మాట 1956 నుంచీ చట్టంలో ఉంది. అన్నయ్యతో మాట చెడుతుందని భయపడి చదవని కాగితం మీద సంతకం పెట్టే ఆడపిల్లలారా, ‘ఇంటికి తీసుకెళ్లి చదివి పెడతాను’ అనండి. అంతమాత్రానికే తెగిపోయే బంధాన్ని మీ సంతకం మటుకు నిలబెడుతుందా?

ప్రశ్న: స్టాంపు పేపరు కొని ఆరు నెలలు దాటితే దానిమీద అగ్రిమెంటు రాసుకోకూడదా?
జవాబు: రాసుకోవచ్చు, ఆరు నెలల గడువు వాడని పేపరు తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకోవడానికే.

ప్రశ్న: పాత కారు 3.80 లక్షలకు ఇస్తానన్నాడు. 3.50 అడిగాను, ఒప్పుకోలేదు. మర్నాడు 3.80కే సరేనంటే వేరేవాళ్లకు అమ్మేశానన్నాడు. కేసు వేయొచ్చా?
జవాబు: కుదరదు. మీరు 3.50 అనగానే ఆయన మొదటి మాట రద్దయింది. మర్నాడు మీరన్నది మీ వైపు నుంచి కొత్త ప్రతిపాదన.

ప్రశ్న: మావాడు పదిహేడేళ్లప్పుడు ఫోను కోసం అప్పు తెచ్చి ప్రామిసరీ నోటు రాశాడు. ఇప్పుడు పద్దెనిమిది నిండాయి కాబట్టి మళ్లీ సంతకం పెట్టమంటున్నారు.
జవాబు: పెట్టనివ్వకండి. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. చెల్లని దాన్ని మేజరయ్యాక ఒప్పుకున్నా చెల్లదు, ఆ పాత అప్పుకే కొత్త నోటు రాసినా అంతే. అయితే ఆ ఫోను ఇంకా మీవాడి దగ్గరే ఉంటే తిరిగిచ్చేయించండి.