పాఠాలు తయారుచేసే కొలువుకు ఏ పీజీ?

కోనసీమలో డిగ్రీ, దానిపై బీఈడీ పూర్తిచేసి డీఎస్సీకి చదువుతున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. పాఠం చెప్పే ఉద్యోగం గురించి ఇంతగా తెలిసిన ప్రాంతంలో, ఆ పాఠాన్ని తయారుచేసే ఉద్యోగం గురించి మాత్రం పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. 2020–21 నుంచి ప్రభుత్వ బడుల్లోకి వచ్చిన ద్విభాషా పుస్తకాలు చూడండి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్. భిన్నాలు ఏ తరగతిలో మొదలవ్వాలి, అప్పటికి పిల్లలకు ఏమేం వచ్చి ఉండాలి, పాఠం అర్థమైందని టీచరుకు ఎలా తెలియాలి అన్నవన్నీ ఎవరో కూర్చుని తేల్చినవే. వాళ్లనే కరిక్యులమ్ నిపుణులంటారు.

ఆ పని ఎలా ఉంటుందో మన ఊరి లెక్కతోనే చూద్దాం. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయల ధర వెయ్యింటికి చెబుతారు. వెయ్యి కాయలు ఇంతయితే పాతిక కాయలు ఎంత అన్నది ఏకవస్తు పద్ధతికి చక్కటి లెక్క. ధర 15,000 రూపాయలు అనుకుంటే కాయ 15 రూపాయలు, చిక్కేమీ లేదు. అదే 14,500 అన్నారనుకోండి, దశాంశం వచ్చి కూర్చుంటుంది. దశాంశాలు అప్పటికి చెప్పేశారా, ఇంకా చెప్పలేదా? రాశిలోంచి పాడైన కాయలు తీసేస్తే శాతాలు, వాటి వెనకే లాభనష్టాలు వస్తాయి. ఒక్క బేరంలో రెండు మూడు తరగతుల లెక్కలున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత అని వరస కట్టడమే అసలు పనితనం. పైగా ఆ పుస్తకాన్నే అనంతపురం పిల్లలూ చదవాలి, వాళ్లకు వేరుశనగ బస్తా చెబితేనే బోధపడుతుంది. అందుకే ఇలాంటి ఉదాహరణలను పుస్తకంలో ఇరికించకుండా, టీచర్ల హ్యాండ్‌బుక్‌లో ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం మార్చుకునేలా ఇవ్వడం మేలని నా అభిప్రాయం. మీరు ఇంకోలా వాదించవచ్చు. పీజీ తరగతిలో జరగాల్సింది ఆ వాదనే.

ఈ పనిలో మన రాష్ట్రానికి ప్రపంచమంతా మెచ్చిన అనుభవం ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో వై.ఏ. పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బడుల కోసం ఒక పద్ధతి తీర్చిదిద్దారు. ఒకే టీచరు, ఒకే గది, అన్ని తరగతుల పిల్లలూ అక్కడే. అలాంటి బడికి తరగతివారీ పుస్తకం పనికిరాదని వాళ్లు గుర్తించారు. సిలబస్‌ను చిన్న చిన్న మైలురాళ్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు బొమ్మ గుర్తులున్న కార్డులు చేశారు. నిచ్చెనలా గీసిన పటం చూసుకుని, తానెక్కడున్నాడో ఆ మెట్టు కార్డు పిల్లవాడే తీసుకుంటాడు. కర్ణాటక ‘నలి–కలి’కి, తమిళనాడులోని కృత్యాధార బోధనకు ప్రేరణ ఇక్కడిదే. ఈ రంగంలోకి రావాలనుకునేవారు ముందు చదవాల్సింది ఈ ప్రయోగం గురించే.

ఇక కోర్సులు. బీఈడీ ఉన్నవాళ్లకు తెలిసిన దారి ఎంఈడీ. 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనలతో ఇది రెండేళ్ల కోర్సు అయింది. కరిక్యులమ్ స్టడీస్ అందులో భాగం, డిసర్టేషన్ తప్పనిసరి. వ్యవధి మార్చే ప్రతిపాదనలున్నాయి కాబట్టి చేరే ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. ఎంఈడీకి దగ్గర్లో విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థ దక్షిణాది రాష్ట్రాల కోసమే ఏర్పడింది. అక్కడ సీటొస్తే వదులుకోకండి.

బీఈడీ లేకపోయినా ఏదైనా డిగ్రీతో చేరగలిగేది ఎంఏ ఎడ్యుకేషన్. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం సొంత ప్రవేశ పరీక్ష పెడుతుంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సాయమూ ఇస్తుంది. ఫీజు అంకె చూసి వెనక్కి తగ్గవద్దు. ఇంగ్లిష్ బోధన మీద ఆసక్తి ఉన్నవాళ్లు హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) వైపు చూడాలి. బోధన సామగ్రి తయారీకి, పరీక్షల రూపకల్పనకు అక్కడ ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

ఎంఈడీ పట్టా ఒక్కటే ఈ పని నేర్పదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు సీనియర్లను ఒకటే అడగండి: రెండేళ్లలో మీచేత ఒక్క యూనిట్ అయినా రాయించి, బడిలో ప్రయత్నించనిచ్చి, మళ్లీ దిద్దించారా? లేదంటే ఆ లోటు మీరే పూడ్చుకోవాలి. మీ ఊరి మండల పరిషత్ బడిలో హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని ఒక పాఠం ప్రయత్నించండి. పిల్లలు ఎక్కడ తడబడ్డారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. రెండోసారి ఏం మార్చారో, ఎందుకు మార్చారో కూడా రాయండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కన్నా ఆ నోట్సు ఎక్కువ మాట్లాడుతుంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. కరిక్యులమ్ నిపుణుడు అన్న పేరుతో ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి. రాష్ట్ర పాఠ్యపుస్తకాల రచనకు ఎస్‌సీఈఆర్‌టీ ఎక్కువగా పనిచేస్తున్న టీచర్లనే పిలుస్తుంది. అందుకే డీఎస్సీని, ఈ పీజీని రెండు వేర్వేరు దారులుగా చూడకండి. బడిలో నాలుగేళ్లు చెప్పి, ఎంఈడీ చేసినవారికి డైట్, ఎస్‌సీఈఆర్‌టీ తలుపులు తెరుచుకునే అవకాశం ఎక్కువ. ఉమ్మడి తూర్పు గోదావరి డైట్ బొమ్మూరులో ఉంది, ఒకసారి వెళ్లి మాట్లాడి రండి. బయట స్వచ్ఛంద సంస్థలు, కార్పొరేట్ బడుల కంటెంట్ విభాగాలు, ఎడ్‌టెక్ కంపెనీలు ఉన్నాయి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ తప్పుల్లేకుండా రాయగలవారికి వాటిలో గిరాకీ ఉంది. చాలామంది వెనకబడేది ఆ రాత దగ్గరే.

ఇంటర్వ్యూకు వెళ్లేలోపు 2005, 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. 2023 చట్రంలో లక్ష్యాలు, వాటి కింద సామర్థ్యాలు, వాటి కింద అభ్యసన ఫలితాలు ఎలా దిగివచ్చాయో గణితం అధ్యాయంలో గమనించండి. తర్వాత మన ఆరో తరగతి లెక్కల పుస్తకంలో ఏదో ఒక పాఠం తీసి, అందులోని ఒక్కో అభ్యాసం ఏ ఫలితానికి చెందుతుందో పక్కన పెన్సిల్‌తో రాయండి. దేనికీ చెందనివి కొన్ని మిగులుతాయేమో చూడండి.