కొత్త పీసీకి ప్రాసెసర్, చిప్‌సెట్ ఎలా ఎంచుకోవాలి? ఒక తప్పు కొటేషన్ నేర్పిన పాఠం

మా పిన్ని కొడుకు బీటెక్ సెకండియర్. పిన్ని చీటీ ఎత్తి ఇచ్చిన డబ్బుతో పీసీ కొందామని షాపులో కొటేషన్ రాయించుకుని నాకు వాట్సాప్‌లో పంపాడు. "అన్నా, ఇవాళే అడ్వాన్స్ ఇచ్చేస్తా, ఒకసారి చూడు" అన్నాడు. లిస్ట్ ఇది:

- ప్రాసెసర్: కోర్ ఐ5-12400ఎఫ్
- మదర్‌బోర్డు: జెడ్790 చిప్‌సెట్, డీడీఆర్5
- ర్యామ్: 8 జీబీ, ఒకటే స్టిక్
- ఎస్ఎస్‌డీ: 256 జీబీ
- గ్రాఫిక్స్ కార్డ్: తర్వాత కొంటాడట

పైకి బాగానే ఉంది కదా? అన్నీ మంచి పార్టులే. కానీ ఇలాగే కొంటే మొదటి రోజు మానిటర్ మీద బొమ్మే రాదు. పైగా బోర్డు మీద పెట్టిన డబ్బులో చాలా భాగం వృథా. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం. ఇది అర్థమైతే మీ లిస్ట్ మీరే చెక్ చేసుకోవచ్చు.

1. ముందు పని, ఆ తర్వాతే ప్రాసెసర్

"ఐ7 అంటే ఐ5 కంటే బెటర్" అని చాలామంది గుడ్డిగా నమ్ముతారు. 2017లో వచ్చిన ఐ7-7700లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఐ5-12400లో 6 కోర్లు, 12 థ్రెడ్లు. పైగా ఆ పాత ఐ7 విండోస్ 11 సపోర్ట్ లిస్టులోనే లేదు. కాబట్టి ఐ5, ఐ7 అన్న పేరు కాదు, ఏ జనరేషనో ముందు చూడండి.

కోడింగ్, కాలేజీ ప్రాజెక్టులు, మామూలు గేమింగ్‌కి 6 కోర్లు, 12 థ్రెడ్లు హాయిగా సరిపోతాయి. వీడియో ఎడిటింగ్, పెద్ద ప్రాజెక్టులు కంపైల్ చేయడం, రెండు మూడు వర్చువల్ మెషిన్లు నడపడం రోజూ ఉంటే 8 కోర్లు, ఆపైన చూడండి. గేమింగే ప్రధానం, మంచి గ్రాఫిక్స్ కార్డ్ కూడా కొంటున్నారంటే రైజెన్‌లో ఎక్స్3డీ మోడల్స్‌కి లాభం ఉంటుంది. వాటిలో ఎల్3 క్యాష్ ఎక్కువ, గేమ్స్‌కి అది బాగా కలిసొస్తుంది.

2. పేరు చివర అక్షరం చదవకపోతే కష్టం

మావాడి లిస్ట్‌లో పెద్ద తప్పు ఇక్కడే ఉంది. ఇంటెల్‌లో చివర "ఎఫ్" ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ వాడుకోవడానికి ఉండదు. విడిగా కార్డ్ లేకపోతే డిస్‌ప్లే రాదు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్ట్ కనిపిస్తుంది, కానీ పనిచేయదు.

- కే: క్లాక్ లాక్ లేదు, ఓవర్‌క్లాక్ చేయొచ్చు.
- ఎఫ్: గ్రాఫిక్స్ లేదు. కార్డ్ తప్పనిసరి.
- జీ (రైజెన్‌లో): గ్రాఫిక్స్ బలంగా ఉంటుంది. 5600జీ, 8600జీ ఈ రకమే.

రైజెన్‌లో ఇంకో మెలిక ఉంది. 5600కి గ్రాఫిక్స్ లేదు, పేరులో ఎఫ్ లేకపోయినా సరే. 7600కి ఉంది, కానీ అది డిస్‌ప్లే చూపించడానికే తప్ప గేమ్స్‌కి కాదు.

3. సాకెట్: నాలుగేళ్ల తర్వాతి నిర్ణయం ఇవాళే

ప్రాసెసర్ కూర్చునే చోటే సాకెట్. అది మారితే బోర్డు మార్చాల్సిందే, ఒక్కోసారి ర్యామ్ కూడా.

- ఎల్‌జీఏ1700: ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లు. బోర్డుని బట్టి డీడీఆర్4 లేదా డీడీఆర్5. ఒకే బోర్డులో రెండూ వాడలేం.
- ఎల్‌జీఏ1851: 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్. డీడీఆర్5 మాత్రమే.
- ఏఎం4: రైజెన్ 5000 వరకు, డీడీఆర్4.
- ఏఎం5: రైజెన్ 7000, 8000జీ, 9000. డీడీఆర్5 మాత్రమే.

2017లో ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయోస్ అప్‌డేట్ చేసి, అదే బోర్డులో 2022 నాటి 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. ఏఎం5ని 2027 వరకు, ఆ తర్వాత కూడా సపోర్ట్ చేస్తామని ఏఎండీ చెప్పింది. మళ్లీ అప్‌గ్రేడ్ చేసే ఆలోచన ఉంటే ఇది పెద్ద విషయం. ఐదారేళ్లు అసలు ముట్టుకోను అనుకుంటే, ఆ రోజు తక్కువ ధరలో దొరికే ఎల్‌జీఏ1700 లేదా ఏఎం4 కూడా తప్పేం కాదు.

4. చిప్‌సెట్: అవసరం లేని చోట డబ్బు పెట్టొద్దు

చిప్‌సెట్ మార్చినంత మాత్రాన ప్రాసెసర్ వేగం పెరగదు. మెయిన్ గ్రాఫిక్స్ స్లాట్, చాలా బోర్డుల్లో మొదటి ఎం.2 స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కే కలుస్తాయి. సాటా, ఎక్కువ యూఎస్‌బీ పోర్టులు, అదనపు ఎం.2 స్లాట్లు చిప్‌సెట్ చూసుకుంటుంది. అంటే చిప్‌సెట్‌కి పెట్టే డబ్బు పోర్టులకీ, కొన్ని అనుమతులకీ.

ఇంటెల్‌లో (ఎల్‌జీఏ1700):

- హెచ్610: రెండే ర్యామ్ స్లాట్లు. ఎక్స్ఎంపీ ఆన్ చేసి ర్యామ్ స్పీడ్ పెంచడం కుదరదు. ఎం.2 స్లాట్ సాధారణంగా పీసీఐఈ 3.0. ఆఫీసు పీసీకి ఓకే.
- బీ660, బీ760: ఎక్స్ఎంపీ పనిచేస్తుంది, స్లాట్లు ఎక్కువ. చాలామందికి ఇదే కరెక్ట్.
- జెడ్690, జెడ్790: ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ ఇక్కడే. కే మోడల్ లేకపోతే ప్రధానమైన ఆ లాభం మీకు అందదు.

ఇప్పుడు మావాడి లిస్ట్ చూడండి. 12400ఎఫ్ లాక్ అయిన ప్రాసెసర్. దానికి జెడ్790 ఎందుకు? బీ760 అయినా అదే వేగం.

ఏఎండీలో (ఏఎం5) లెక్క వేరు. ఏ620లో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ లేదు, బీ650లో ఉంది. కాబట్టి ఓవర్‌క్లాక్ కోసమే ఎక్స్ సిరీస్‌కి వెళ్లక్కర్లేదు. ఎక్స్670లో చిప్‌సెట్ చిప్‌లు రెండు ఉంటాయి, అందుకే పోర్టులు, స్లాట్లు ఎక్కువ. ఎక్స్870లో యూఎస్‌బీ4 తప్పనిసరి. ఇవి నిజంగా వాడేవాళ్లకే ఆ ధర.

5. ఒకే చిప్‌సెట్, రెండు బోర్డులు, ఎందుకంత తేడా?

కారణం వీఆర్ఎం. ప్రాసెసర్‌కి కరెంట్ సరిచేసి ఇచ్చే భాగం ఇదే. 12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది, మామూలు బోర్డు చాలు. ఐ9-14900కే మాత్రం 253 వాట్ల దాకా వెళ్తుంది. దాన్ని హీట్‌సింక్ లేని చవక బోర్డులో పెడితే వీఆర్ఎం వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో రెండర్ పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. బోర్డు ఫొటోలో సాకెట్ పక్కన హీట్‌సింక్‌లు ఉన్నాయో లేదో చూడండి.

6. బయోస్ మర్చిపోవద్దు

సాకెట్ సరిపోయినా పాత బయోస్ ఉంటే కొత్త ప్రాసెసర్‌ని బోర్డు గుర్తించదు. కంపెనీ సైట్‌లో ఆ బోర్డు పేజీకి వెళ్లి సీపీయూ సపోర్ట్ లిస్ట్ చూడండి. మీ ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ కావాలో రాసి ఉంటుంది. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే ప్రాసెసర్ అవసరం లేకుండా పెన్ డ్రైవ్‌తోనే అప్‌డేట్ చేయొచ్చు.

ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొనేవాళ్లు ఇది తప్పక చేయాలి. వోల్టేజ్ సమస్యతో వాటిలో కొన్ని క్రాష్ అవుతుంటే 2024 ఆగస్టులో ఇంటెల్ 0ఎక్స్129 మైక్రోకోడ్ ఇచ్చింది, తర్వాత మరికొన్ని వచ్చాయి. అవి బయోస్ అప్‌డేట్‌తోనే మీ పీసీలోకి వస్తాయి.

చివరికి ఏం కొన్నాం?

కార్డ్ ఇప్పట్లో కొనడు కాబట్టి రైజెన్ 5 8600జీ, బీ650 బోర్డు, 8 జీబీ స్టిక్‌లు రెండు, 1 టీబీ ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీ. రెండు స్టిక్‌లు ఎందుకంటే, ఇలాంటి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకటే స్టిక్ అయితే ర్యామ్‌కి దారి సగమై గేమ్స్‌లో ఎఫ్‌పీఎస్ బాగా పడిపోతుంది.

దీనికీ మైనస్ ఉంది. 8600జీలో ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 7600లో 32 ఎంబీ. గ్రాఫిక్స్ కార్డుకి 8 లేన్లే ఇస్తుంది. రేపు పెద్ద కార్డ్ కొంటే 7600 కాస్త ముందుంటుంది. అయితే బోర్డు ఏఎం5 కాబట్టి అప్పుడు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి:

1. కార్డ్ లేకుండా డిస్‌ప్లే వస్తుందా?
2. ఈ చిప్‌సెట్ ఇచ్చే ప్రత్యేక సౌకర్యం ఈ ప్రాసెసర్‌తో వాడగలనా?
3. ర్యామ్ డీడీఆర్4ఆ, డీడీఆర్5ఆ? బోర్డుకి సరిపోతుందా? రెండు స్టిక్‌లేనా?
4. సపోర్ట్ లిస్ట్‌లో బయోస్ వెర్షన్ చూశానా?
5. ఈ సాకెట్‌లో తర్వాత పెట్టుకోవడానికి ఇంకేమైనా ప్రాసెసర్ ఉందా?

ధరలు, ముఖ్యంగా ర్యామ్‌వి, తరచూ మారతాయి. కొనే రోజు రెండు మూడు చోట్ల కనుక్కోండి. జెడ్790 బోర్డు వద్దనుకోగా మిగిలిన డబ్బే మావాడికి రెండో ర్యామ్ స్టిక్, పెద్ద ఎస్ఎస్‌డీ అయ్యింది. పిన్నిని మళ్లీ అడగాల్సిన పని రాలేదు.